కుండీ చామంతి: పూత సమయంలో, పూత అయ్యాక తీసుకోవలసిన జాగ్రత్తలు

కార్తీక మాసం మొదలు సంక్రాంతి వరకు మన దగ్గర చామంతికి గిరాకీ ఎక్కువ. పూజకు, దండలకు, గొబ్బెమ్మల అలంకరణకు విడిపూలు అమ్ముడవుతాయి. ఇంటి ముందు పెట్టుకోవడానికి మొగ్గ మీదున్న కుండీలనూ జనం కొంటారు. తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక పరిసరాల నర్సరీలతో పాటు పట్టణాల చుట్టుపక్కల చిన్న రైతులు కూడా కొద్దిపాటి స్థలంలో కుండీ చామంతి పెంచి చలికాలంలో అమ్ముకుంటున్నారు.

అయితే చాలామంది చేస్తున్న పొరపాటు ఒకటి ఉంది. సంక్రాంతి దాటాక పూలు వాడిపోయిన కుండీలను ఒక మూలకు నెట్టేస్తారు. నీరు అందక కొన్ని, ఎండకు కొన్ని చనిపోతాయి. మళ్లీ జూన్, జూలైలో డబ్బు పెట్టి నారు కొంటారు. ఆ నారుతో పాటు వేరుకుళ్లు, తామర పురుగులు కూడా కొన్నిసార్లు ఇంటికి వస్తాయి. చామంతి ఒక్క ఏడాదితో చచ్చిపోయే మొక్క కాదు, బహువార్షికం. పూత అయిపోయిన మొక్క మొదలు నుంచి వచ్చే పిలకలే వచ్చే ఏడాదికి విత్తనం. వాటిని వేసవి దాటించగలిగితే నారు ఖర్చు మిగులుతుంది, నచ్చిన రకం చేయి జారిపోదు.

మొక్క స్వభావం తెలుసుకోవాలి

చామంతి శాస్త్రీయ నామం క్రిసాంథిమమ్ మోరిఫోలియం. ఇది పగటి పొద్దు తగ్గి రాత్రి పెరిగినప్పుడు మొగ్గ తొడిగే మొక్క. పగలు సుమారు పదమూడున్నర గంటల కంటే తక్కువగా, రాత్రులు చల్లగా ఉంటే మొగ్గలు బాగా వచ్చి చక్కగా విచ్చుకుంటాయి. రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ ఉంటే పువ్వు రంగు, పరిమాణం రెండూ బాగుంటాయి.

తెలుగు రాష్ట్రాల్లో జూన్ నెలలో కూడా పగలు 13 గంటలకు కొద్దిగా మించి మాత్రమే ఉంటుంది. అందువల్ల వేసవిలోనూ, వానాకాలంలోనూ మొక్కలకు అక్కడక్కడ అకాలపు మొగ్గలు కనిపిస్తాయి. ఆ వేడిలో అవి సరిగా విచ్చుకోవు. మొక్క బలం వాటికి పోకుండా వెంటనే గిల్లివేయాలి.

రాత్రి చీకటి కూడా ముఖ్యమే. వీధి దీపం కింద, వసారాలో రాత్రంతా వెలిగే బల్బు దగ్గర పెట్టిన కుండీలు ఆకులు బాగా వేసి, మొగ్గ మాత్రం ఆలస్యంగా తొడుగుతాయి, కొన్నిసార్లు అసలే తొడగవు. సెప్టెంబర్ నుంచి మొగ్గలు కనిపించే వరకు కుండీలు రాత్రి పూట చీకటిగా ఉండే చోట ఉండాలి. ఎరువు మార్చినా, మందు కొట్టినా పూత రాని కుండీలు ఉంటే ముందు ఈ విషయం చూసుకోవాలి.

పూత సమయంలో యాజమాన్యం

ఎండ, చోటు

మొగ్గ దశ వరకు రోజుకు కనీసం 5 నుంచి 6 గంటలు నేరుగా ఎండ తగలాలి. నీడలో పెరిగిన మొక్కల కాడలు సాగి పడిపోతాయి, మొగ్గలు తక్కువగా వస్తాయి. మొగ్గలు రంగు చూపి, మూడో వంతు పూలు విచ్చుకున్నాక కుండీలను వెలుతురు బాగా ఉండి మధ్యాహ్నపు ఎండ తగలని చోటికి మార్చాలి. ఇలా చేస్తే పూలు ఎక్కువ రోజులు రంగు చెడకుండా నిలుస్తాయి. కుండీకి కుండీకి మధ్య ఆకులు రాసుకోనంత ఎడం ఉండాలి. గాలి ఆడకపోతే పూరెక్కల కుళ్లు త్వరగా వ్యాపిస్తుంది.

నీరు

పూత మీదున్న చామంతికి నీటి ఎద్దడి వస్తే మొగ్గలు నల్లబడి ఎండిపోతాయి. నీరు ఎక్కువైతే కింది ఆకులు పసుపు రంగుకు మారి వేర్లు కుళ్లుతాయి. రోజూ ఇంత అని లెక్క పెట్టుకోకుండా కుండీని చూసి నీరు పోయాలి.

- వేలు ఒక అంగుళం లోతు మట్టిలోకి గుచ్చి చూడాలి. తడి తగలకపోతేనే నీరు పెట్టాలి.
- కుండీ అడుగు రంధ్రం నుంచి నీరు కారే వరకు నిదానంగా పోయాలి. పళ్లెంలో నిలిచిన నీటిని అరగంటలో పారబోయాలి.
- ఉదయం పూట, మొక్క మొదట్లో మాత్రమే పోయాలి. పువ్వుల మీద, ఆకుల మీద నీరు పడకూడదు.
- మంచు ఎక్కువగా కురిసే రోజుల్లో, తుపాను వానలప్పుడు విచ్చుకున్న కుండీలను చూరు కిందికి చేర్చాలి. తడిసిన పూరెక్కలపై గోధుమ రంగు మచ్చలు వస్తే ఆ కుండీని ఎవరూ కొనరు.

ఎరువులు

మొగ్గలు బఠాణీ గింజంత అయ్యే వరకే ఎరువు వేయాలి. ఆ దశలో నత్రజని తగ్గించి పొటాష్ పెంచాలి. లీటరు నీటికి 5 గ్రాముల 13-0-45 కలిపి వారం వ్యవధిలో రెండుసార్లు ఆకుల మీద పిచికారి చేస్తే మొగ్గ గట్టిపడుతుంది. మొగ్గ రంగు చూపగానే ఎరువులు, పిచికారీలు ఆపేయాలి. పూత మీద యూరియా వేస్తే కాడలు మెత్తబడి వంగుతాయి, పువ్వులు త్వరగా వాడతాయి, పేనుబంక పెరుగుతుంది.

ఊతం

పెద్ద పువ్వుల రకాలకు ఒక్కో కొమ్మకు ఒక్కో వెదురు పుల్ల గుచ్చి, మెత్తని నార దారంతో వదులుగా కట్టాలి. చిన్న పూల రకాలకు కుండీ అంచున 4 పుల్లలు గుచ్చి చుట్టూ దారం తిప్పితే చాలు. పుల్లలను మొగ్గ రాకముందే గుచ్చుకోవాలి. పూత మీద గుచ్చితే వేర్లు తెగి మొక్క వాడుతుంది. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ తల తుంచనవసరం, ఊతం కట్టనవసరం లేని పొట్టి కుండీ రకాలను విడుదల చేసింది. కూలీలు దొరకని చోట అలాంటి రకాలు అనుకూలం.

మొగ్గలు తీయడం

పెద్ద పువ్వు కావాలంటే కొమ్మ చివర నడుమనున్న మొగ్గను ఉంచి, దాని కింది పక్క మొగ్గలన్నీ చిన్నగా ఉన్నప్పుడే గిల్లాలి. గుత్తులుగా పూసే చిన్న పూల రకాల్లో దీనికి తిరుగు పద్ధతి. నడి మొగ్గ ఒక్కటి తీసేస్తే పక్క మొగ్గలన్నీ ఒకేసారి విచ్చుకుంటాయి.

వాడిన పూలు తీయడం

వాడిన పువ్వును మొక్క మీదే వదిలేస్తే కుళ్లు దాని నుంచే పక్క పూలకు పాకుతుంది. మూడు రోజులకు ఒకసారి వాడిన పూలను కింది మొదటి ఆకు వరకు కత్తిరించి తీసేయాలి. కుండీ మట్టి మీద రాలిన రెక్కలు, పండుటాకులు ఏరి దూరంగా పారేయాలి.

పూత మీద పురుగులు, తెగుళ్లు

పేనుబంక: మొగ్గల అడుగున, లేత కొమ్మల చివర నల్లగా గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. ఆకులు జిగటగా మారి చీమలు తిరుగుతుంటే పేనుబంక ఉన్నట్టే. కొద్దిగా ఉన్నప్పుడు తడి గుడ్డతో తుడవవచ్చు. మొగ్గ దశలో లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట పిచికారి చేయాలి. ఉధృతి ఎక్కువైతే, పూలు విచ్చుకోకముందే, లీటరు నీటికి 0.3 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ కలిపి ఒకసారి పిచికారి చేయాలి.

తామర పురుగులు: పూరెక్కల మధ్య దాక్కుని గీకి రసం పీలుస్తాయి. రెక్కల అంచులు గోధుమ రంగుకు మారి, పువ్వు ఒక పక్కకు వంకరగా విచ్చుకుంటుంది. అనుమానం వస్తే తెల్ల కాగితం పైన పువ్వును తట్టి చూడాలి. సన్నని పురుగులు కదులుతూ కనిపిస్తాయి. మొగ్గ దశ నుంచే కుండీల మధ్య నీలం రంగు జిగురు అట్టలు వేలాడదీయాలి. పురుగు పువ్వు లోపలికి చేరాక ఏ మందు కొట్టినా పెద్దగా ఫలితం ఉండదు.

నల్లి: పొడి వాతావరణంలో ఆకుల అడుగున సన్నని గూడు కడుతుంది. ఆకు పైభాగం తెల్లని చుక్కలతో పాలిపోతుంది. మొగ్గ రాకముందు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి ఆకుల అడుగు భాగం తడిసేలా పిచికారి చేయాలి. మధ్యాహ్నపు ఎండలో గంధకం వాడకూడదు, ఆకులు మాడతాయి.

ఆకుమచ్చ: కింది ఆకులపై గోధుమ, నలుపు మచ్చలు ఏర్పడి క్రమంగా పై ఆకులకు పాకుతాయి. మచ్చలున్న ఆకులు తుంచి కాల్చేయాలి. లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ కలిపి 10 నుంచి 15 రోజుల తేడాతో రెండుసార్లు పిచికారి చేయాలి. ఈ పని మొగ్గ విచ్చుకోకముందే పూర్తి కావాలి.

వేరుకుళ్లు, ఎండు తెగులు: మట్టి తడిగా ఉన్నా మొక్క వాడిపోతుంటే వేరు చూడాలి. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగా ఉంటుంది. గోధుమ రంగులో మెత్తబడి ఉంటే కుళ్లు సోకినట్టు. అలాంటి కుండీని వేరుగా పెట్టి, నీరు తగ్గించి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీ క్లోరైడ్ కలిపి మొదలు తడిసేలా పోయాలి. కోలుకోకపోతే మొక్కను మట్టితో సహా తీసేయాలి. ఆ మట్టిని మళ్లీ చామంతికి వాడకూడదు.

ముఖ్య గమనిక: విచ్చుకున్న పువ్వుల మీద రసాయన మందులు పిచికారి చేయకూడదు. చామంతిని తలలో పెట్టుకుంటారు, దేవుడి పటాలకు పెడతారు, తీసేసిన దండలను పశువులు తింటాయి. తేనెటీగలు కూడా ఈ పూల మీద వాలతాయి. మందు డబ్బా మీది సూచనలు చదివి, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకునే పిచికారి చేయాలి. చామంతి ఆకు, పువ్వు తగిలితే కొందరికి చేతులు దురద పెడతాయి. అలాంటివారు కోతప్పుడు కూడా తొడుగులు వాడాలి.

పూత మీదే తల్లి మొక్కలను గుర్తించాలి

పూత అయ్యాక చేసే పనుల్లో మొదటిది నిజానికి పూత ఉండగానే చేయాలి. పూలు రాలిపోయాక ఏ కుండీ ఏ రంగుదో, ఏది బాగా పూసిందో చెప్పడం కష్టం. ఆకులు చూసి రకాన్ని పోల్చడంలో అనుభవం ఉన్నవారూ పొరబడతారు. అందువల్ల డిసెంబర్‌లోనే ప్రతి రకంలో మంచి మొక్కలను ఎంచి చీటీ కట్టాలి.

చీటీ మీద రాయవలసినవి: రంగు, పువ్వు పెద్దదా చిన్నదా, మొదటి పువ్వు విచ్చుకున్న తేదీ. సంక్రాంతికి ముందు పూసిన మొక్క, ఆ తర్వాత పూసిన మొక్క ధరలో ఒకటి కావు. తేదీ రాసి ఉంటే వచ్చే ఏడాది ఏ రకం ఎన్ని పెట్టుకోవాలో తెలుస్తుంది. పెన్సిల్‌తో రాసిన అక్షరాలు వానకు చెదరవు, పెన్ను రాత చెదిరిపోతుంది.

తల్లి మొక్కకు ఉండవలసిన లక్షణాలు:

- అదే రకంలోని మిగతా మొక్కలకు సమానమైన ఎత్తు, ఒకే రంగు పూలు
- మొదటి వరకు పచ్చగా ఉన్న ఆకులు
- తామర పురుగు, ఎండు తెగులు జాడ లేకపోవడం

అదే రకంలో ఒక మొక్క మాత్రం సగం ఎత్తులో ఆగిపోయి, పువ్వులు చిన్నవిగా, ముందుగా వస్తే దాన్ని పొట్టి రకం అని దాచుకోకూడదు. వైరాయిడ్ వల్ల వచ్చే గిడసబారు తెగులు లక్షణాలు అలాగే ఉంటాయి. దీనికి మందు లేదు. కత్తెర ద్వారా, కొమ్మల ద్వారా మిగతా మొక్కలకు అంటుకుంటుంది. అలాంటి మొక్కను పీకి కాల్చేయాలి. కత్తెరను 1 వంతు ద్రవ బ్లీచ్, 9 వంతుల నీరు కలిపిన ద్రావణంలో ముంచి కడిగాకే తర్వాతి మొక్కను ముట్టుకోవాలి.

పూత అయ్యాక చేయవలసిన పనులు

1. కొమ్మలు కత్తిరించడం (జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో)

పూలు చాలా వరకు వాడిపోగానే కొమ్మలన్నీ మట్టి నుంచి 10 నుంచి 15 సెం.మీ. ఎత్తులో పదునైన కత్తెరతో కత్తిరించాలి. ఆలస్యం చేస్తే మొక్క బలం ఎండిన పూల మీదే ఖర్చవుతుంది, పిలకలు బలహీనంగా వస్తాయి. కత్తిరించిన కొమ్మలను కుండీల దగ్గర కుప్ప వేయకూడదు. వాటిలోని పురుగులు కొత్త చిగుళ్లకు ఎక్కుతాయి.

2. మట్టి గుల్ల చేయడం

పై మట్టిని ఒక అంగుళం లోతు వరకు గీకి తీసేసి, దాని స్థానంలో చివికిన పశువుల ఎరువు లేదా వర్మి కంపోస్టు రెండు గుప్పెళ్లు, వేపపిండి ఒక గుప్పెడు వేయాలి. ఆకులు లేని మొక్క తక్కువ నీరు తాగుతుంది. కాబట్టి చిగుళ్లు వచ్చే వరకు నీరు తగ్గించి, మట్టి పూర్తిగా ఎండకుండా మాత్రం చూసుకోవాలి. కొమ్మలు కత్తిరించిన తర్వాత పాత అలవాటుగా రోజూ నీరు పోయడం వల్ల చాలా మొక్కలు కుళ్లి చనిపోతాయి.

3. పిలకలు వేరు చేయడం (ఫిబ్రవరి చివర, మార్చి)

కత్తిరించిన 3 నుంచి 4 వారాల్లో మొదలు చుట్టూ మట్టిలో నుంచి పిలకలు వస్తాయి. అవి 8 నుంచి 10 సెం.మీ. ఎత్తు పెరిగాక కుండీని బోర్లించి మట్టి గడ్డను బయటికి తీయాలి. అంచుల్లో ఉన్న పిలకలను వేరుతో సహా విడదీయాలి. నడుమ చెక్కలా గట్టిపడిన పాత మొదలును పారేయాలి. దాన్నే మళ్లీ నాటితే చిగుళ్లు సన్నగా, పూలు చిన్నగా వస్తాయి.

పిలకలను 4 అంగుళాల కుండీల్లో గానీ పాలిథిన్ సంచుల్లో గానీ నాటాలి. 2 వంతుల ఎర్రమట్టి, 1 వంతు ఇసుక, 1 వంతు చివికిన పశువుల ఎరువు కలిపిన మిశ్రమం సరిపోతుంది. 90 కిలోల పశువుల ఎరువుకు 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలిపి, నీడలో తేమ తగ్గకుండా వారం పది రోజులు మాగబెట్టి ఈ మిశ్రమంలో వాడితే వేరుకుళ్లు తగ్గుతుంది. ఇంటి మట్టుకు చేసుకునేవారు అదే నిష్పత్తిలో తక్కువగా చేసుకోవచ్చు.

4. వేసవి దాటించడం (మార్చి నుంచి జూన్ వరకు)

మన ప్రాంతంలో చామంతి చనిపోయేది ఎక్కువగా ఈ నాలుగు నెలల్లోనే. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజుల్లో మొక్క పెరగదు, బతికి ఉంటే చాలు.

- 50 శాతం షేడ్‌నెట్ కింద లేదా ఉదయపు ఎండ మాత్రమే తగిలే చెట్టు నీడన ఉంచాలి. పూర్తి చీకటి నీడ పనికిరాదు.
- నల్ల ప్లాస్టిక్ కుండీలు త్వరగా వేడెక్కి వేర్లు ఉడికిపోతాయి. వాటిని సగం వరకు ఇసుకలో గానీ నేలలో గానీ పాతిపెట్టాలి. మట్టి కుండీలైతే చల్లగా ఉంటాయి, కానీ త్వరగా ఆరిపోతాయి.
- మట్టి మీద వరిగడ్డి, కొబ్బరి పీచు లేదా ఎండుటాకులు పరచాలి.
- నీరు తెల్లవారే పోయాలి. మే నెలలో సాయంత్రం చూసి అవసరమైతే మళ్లీ పోయాలి. మధ్యాహ్నం ఆకులు వాడినట్టు కనిపించినా, మట్టి తడిగా ఉంటే నీరు పోయకూడదు. సాయంత్రానికి అవే లేస్తాయి.
- ఎరువులు వేయకూడదు. నెలకు ఒకసారి పలుచని జీవామృతం పోస్తే చాలు.
- కనిపించిన మొగ్గనల్లా గిల్లాలి. కొమ్మలు సాగితే తలలు తుంచాలి.
- ఉన్న మొక్కలన్నీ ఒకే చోట పెట్టకూడదు. ఒక్కో రకంలో సగం ఇంటి దగ్గర, సగం పొలం దగ్గర ఉంచితే ఒక చోట మోటారు చెడిపోయినా, కుళ్లు సోకినా రకం మిగులుతుంది.

5. కొన కత్తిరింపులతో కొత్త నారు (జూన్, జూలై)

తొలకరి పడి వేడి తగ్గగానే తల్లి మొక్కలు కొత్త చిగుళ్లు వేస్తాయి. కొమ్మల చివర నుంచి 5 నుంచి 7 సెం.మీ. పొడవు, 3 నుంచి 4 ఆకులున్న లేత కత్తిరింపులు తీయాలి. మొగ్గ ఉన్న కొమ్మలు, బోలుగా గట్టిపడిన కొమ్మలు పనికిరావు. కింది ఆకులు తీసేసి, చివరను వేరు తెప్పించే హార్మోన్ పొడిలో అద్ది, ఇసుకలో గానీ కొబ్బరి పొట్టు నింపిన ప్రోట్రేలలో గానీ గుచ్చాలి. వాన నేరుగా పడకుండా పైన పాలిథిన్ కప్పు, పక్కల గాలి ఆడే ఏర్పాటు ఉండాలి. 2 నుంచి 3 వారాల్లో వేర్లు వస్తాయి.

ఒక తల్లి మొక్క నుంచి 5 పిలకలు నిలిచి, ఒక్కో పిలక నుంచి 4 కత్తిరింపులు తీసుకున్నారనుకుందాం. అంటే 20 మొక్కలు. 10 తల్లి మొక్కలను వేసవి దాటిస్తే 200 కుండీలకు నారు మన దగ్గరే ఉన్నట్టు. కొన్ని చనిపోతాయని లెక్క వేసుకుని, కావలసినదానికి పావు వంతు ఎక్కువగా పెట్టుకోవాలి.

6. కుండీల్లో నాటడం, తలలు తుంచడం (జూలై నుంచి సెప్టెంబర్ వరకు)

వేరు వచ్చిన నారును 8 నుంచి 10 అంగుళాల కుండీల్లో నాటాలి. నిండుగా కనిపించాలంటే ఒక్కో కుండీలో 3 మొక్కలు పెట్టవచ్చు. నాటిన 4 వారాలకు మొదటిసారి, మరో 3 నుంచి 4 వారాలకు రెండోసారి తలలు తుంచాలి. సెప్టెంబర్ మధ్య నాటికి తుంచడం ఆపేయాలి. ఆ తర్వాత తుంచితే పూత సంక్రాంతి దాటిపోయే ప్రమాదం ఉంది. ఈ ఎదిగే దశలో లీటరు నీటికి 2 గ్రాముల 19-19-19 కలిపి 10 రోజులకు ఒకసారి మొదట్లో పోయాలి.

అమ్ముడుపోని కుండీలను ఏం చేయాలి

పండగ దాటాక కుండీలు మిగిలిపోవడం చిన్న రైతుకు పెద్ద నష్టం. వాటిని పూర్తిగా వృథా పోనివ్వకుండా కొంతైనా రాబట్టుకోవచ్చు.

- మూడో వంతు పూలు విచ్చుకున్న దశలోనే కుండీని అమ్మకానికి పెట్టాలి. అన్నీ విచ్చుకునే దాకా ఆగితే కొన్నవారి ఇంట్లో నాలుగు రోజులకే వాడిపోతుంది. ఆ కొనుగోలుదారు మళ్లీ రాడు.
- పూర్తిగా విచ్చుకున్న కుండీలు మిగిలితే ఉదయం మంచు ఆరాక పూలు కోసి విడిపూలుగా అమ్మాలి. తడి పూలను గంపలో నింపితే వేడెక్కి కుళ్లుతాయి.
- మంచి రకాల కుండీలను తల్లి మొక్కలుగా ఉంచుకోవాలి. మిగిలిన వాటి పిలకలను మార్చిలో నారుగా అమ్మవచ్చు.
- పురుగు, తెగులు ఉన్నవాటిని దాచకుండా తీసేయాలి.

నర్సరీ నుంచి కొన్న కుండీల విషయంలో

పాలీహౌస్‌లో పెరిగిన కుండీ చామంతులు గుండ్రంగా, పొట్టిగా ఉంటాయి. వాటికి పెరుగుదల తగ్గించే హార్మోన్ మందులు వాడి ఉండవచ్చు. మరుసటి ఏడాది మన దగ్గర అవే మొక్కలు పొడవుగా పెరుగుతాయి. రకం మారిపోయిందని అనుకోనవసరం లేదు, తలలు తుంచి అదుపులో పెట్టుకుంటే చాలు. అక్కడ చీకటి తెరలు, దీపాలు వాడి ఏ నెలలోనైనా పూయిస్తారు. ఆగస్టులో పూతతో కొన్న మొక్క వచ్చే ఏడాది ఆగస్టులోనే పూస్తుందని లెక్క వేసుకోకూడదు. ఆరుబయట అది చలికాలంలోనే పూస్తుంది. కొత్తగా తెచ్చిన కుండీలను రెండు వారాలు పాత కుండీలకు దూరంగా ఉంచి, పురుగు లేదని తేలాకే కలపాలి.

రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

మొగ్గలు వచ్చి విచ్చుకోకుండానే ఎండిపోతున్నాయి. కారణం ఏమిటి?
నీరు ఒకరోజు ఎక్కువ, రెండు రోజులు అసలే లేకపోవడం మొదటి కారణం. మొగ్గ లోపల తామర పురుగు రెండో కారణం. మొగ్గను చీల్చి చూస్తే తెలుస్తుంది.

కత్తిరించాక నెల దాటినా పిలకలు రాలేదు. మొక్క చనిపోయినట్టేనా?
మొదలు దగ్గర గోటితో గీకి చూడాలి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. నీరు తగ్గించి ఉదయపు ఎండలో పెట్టి మరో రెండు వారాలు చూడాలి. గోధుమ రంగులో ఎండి ఉంటే తీసేయాలి.

పిలకలనే నేరుగా కుండీలో పెట్టి పూయించకూడదా?
పూయించవచ్చు. ఇంటికి నాలుగు కుండీలు చాలనుకునేవారికి ఆ పద్ధతి సులువు. అయితే పిలకలు ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటాయి కాబట్టి కుండీలన్నీ ఒకేసారి పూయవు. అమ్మకానికి పెంచేవారికి కొన కత్తిరింపుల నారే మేలు.

పాత మట్టిని మళ్లీ వాడవచ్చా?
తెగులు లేని కుండీల మట్టిని మే నెలలో తడిపి, పలుచని పాలిథిన్ కింద పరచి 4 నుంచి 6 వారాలు ఎండబెట్టాలి. ఆ తర్వాత కొత్త ఎరువు కలిపి వాడుకోవచ్చు. వేరుకుళ్లు, ఎండు తెగులు వచ్చిన కుండీల మట్టిని చామంతికి వాడకూడదు.

నెలవారీ పనులు

- అక్టోబర్, నవంబర్: ఊతం పుల్లలు, మొగ్గ దశలో పొటాష్, నీలం జిగురు అట్టలు
- డిసెంబర్: తల్లి మొక్కలకు చీటీలు, వాడిన పూలు తీయడం, అమ్మకం
- జనవరి: పండగ అమ్మకం, నెల చివర కొమ్మల కత్తిరింపు
- ఫిబ్రవరి, మార్చి: పై మట్టి మార్చడం, పిలకలు విడదీసి నాటడం
- ఏప్రిల్, మే: నీడ, తెల్లవారే నీరు, మొగ్గలు గిల్లడం
- జూన్, జూలై: కొన కత్తిరింపులు, నారు తయారీ, కుండీల్లో నాటడం
- ఆగస్టు, సెప్టెంబర్: తలలు తుంచడం, ఎరువులు, రాత్రి దీపాలకు దూరంగా ఉంచడం

ఈ పనుల్లో ఖర్చుతో కూడినవి కొన్నే, మిగతావన్నీ వేళకు చేసుకునేవి. ఈ ఏడాది అన్ని కుండీలూ కాకపోయినా, ప్రతి రకంలో నాలుగేసి తల్లి మొక్కలకు చీటీ కట్టి వేసవి దాటించి చూడాలి. తెగులు గుర్తు పట్టలేనప్పుడు మొక్కను వేరుతో సహా పాలిథిన్ సంచిలో పెట్టి, దగ్గరలోని ఉద్యాన అధికారికి గానీ కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలకు గానీ చూపించి, వారి సలహా మేరకే మందులు వాడాలి.